మానేసి ఇంటికొస్తున్నాడు, సంతోషపడాలా భయపడాలా? బైపోలార్, ఓపియాయిడ్ అలవాటు రెండూ ఉన్న తమ్ముడి గురించి

వేసవివాన | సోమవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. పొడుగైతే ఏమనుకోకండి.

మా తమ్ముడికి 29. ఇరవై ఒకటో ఏట బైపోలార్ అని తేలింది, కొన్నాళ్లు హద్దులేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు. మూడ్ నిలకడకిచ్చే లిథియం మీద బాగానే ఉండేవాడు. నాలుగేళ్ల కిందట బండి మీంచి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత నొప్పికి ట్రామడాల్ రాశారు, నల్లమందులా పనిచేసే ఓపియాయిడ్ రకం మాత్ర. ఎముక అతుక్కుంది గానీ మాత్ర ఆగలేదు. కొన్నాళ్లకు అది చాలక ఇంకా బలమైనవి, ఆ తర్వాత ఎవరి దగ్గర కొంటున్నాడో మాకు తెలియని పొడి. ఒకసారి వాడే చెప్పాడు: "నొప్పి కోసం కాదక్కా. అది పడితే తలలో రేడియో ఆగుతుంది."

సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తే "ముందు ఆ అలవాటు మాన్పించుకుని రండి, అప్పుడు మూడ్ సంగతి చూద్దాం" అన్నారు. డీఅడిక్షన్ సెంటర్‌కి వెళ్తే "బైపోలార్ ఉన్నవాళ్లని మేం చేర్చుకోం, ముందు అది కంట్రోల్ చేయించుకుని రండి" అన్నారు. ఆరు నెలలు ఇద్దరి మధ్యా తిరిగాం. చివరికి ఒకచోట చేర్చుకున్నారు. 45 రోజులు అయ్యాయి. శుక్రవారం ఇంటికొస్తున్నాడు.

ఫోన్‌లో గొంతు బాగుంది. ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో చెప్పండి.

పాతడైరీ | మంగళవారం, ఉదయం 6:20

అమ్మా, భయం దేనికి? 45 రోజులు ముట్టకుండా ఉన్నాడంటే ఒంట్లోంచి విషమంతా పోయినట్టే. ఇక మిగిలింది మనసు గట్టి చేసుకోవడమే. మా బంధువుల్లో ఒకాయన ఇలాగే ఒక్కసారిగా మానేశాడు, ఇరవై ఏళ్లయింది, మళ్లీ దాని జోలికి పోలేదు. పాత స్నేహాలు తెంపించండి, ఫోన్ నంబర్ మార్పించండి, ఏదో ఒక పనిలో పెట్టండి. కుదురుకుంటాడు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 8:05

> ఒంట్లోంచి విషమంతా పోయినట్టే

పెద్దాయన మంచి మనసుతో చెప్పారు గానీ, ప్రమాదమంతా అక్కడే ఉంది. నేను పన్నెండేళ్లుగా ఎమర్జెన్సీలో నర్సుని. ఓవర్‌డోస్ కేసుల్లో నాకు బాగా గుర్తుండిపోయినవి, "ఈ మధ్యే మానేశాడండీ, బాగానే ఉన్నాడండీ" అని ఇంట్లోవాళ్లు ఏడుస్తూ చెప్పినవే.

రోజూ వాడే ఒళ్లు ఆ మందుకి అలవాటుపడుతుంది. నిన్న పనిచేసినంత ఇవాళ చాలదు. దీన్నే టాలరెన్స్ అంటారు. మానేసిన కొద్ది రోజుల నుంచే అది తగ్గుతూ వస్తుంది, కొన్ని వారాలకు చాలామటుకు పోతుంది. ఒళ్లు మర్చిపోయినా మనిషికి మాత్రం తన పాత కొలత గుర్తుంటుంది. ఏదో ఒక చెడ్డరోజున ఆ పాత కొలతే తీసుకుంటాడు. ఓపియాయిడ్లు మెదడు కాండంలో ఊపిరి లయని నడిపే కణాల్ని అణిచేస్తాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్నా గాలి పీల్చమని లోపల్నించి హెచ్చరిక రాదు. గిలగిలలాడటం ఏమీ ఉండదు. నిద్రపోతున్నట్టే పోతారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద ఒక అధ్యయనం 2007లో వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని తేలింది. జైలు వేరు, సెంటర్ వేరు అనొచ్చు. ఒంటికి ఆ తేడా తెలియదు.

వేసవివాన, రెండు ప్రశ్నలు. ఒకటి, తమ్ముడు ఇప్పుడు లిథియం వేసుకుంటున్నాడా? రెండు, ఇంట్లో నాలాక్సోన్ ఉందా?

వేసవివాన | మంగళవారం, ఉదయం 8:31

నాలాక్సోన్ అంటే ఏమిటో కూడా తెలియదు. లిథియం సెంటర్లో ఆపేశారు. "ఇక్కడ ఏ మాత్రా ఉండదు, మాత్రల మీద ఆధారపడటమే ఇతని జబ్బు" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ బాగానే అనిపించింది, అన్నీ ఒకేసారి మానేస్తున్నాడు కదా అని.

ఏడోమెట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అక్కా, తలలో రేడియో అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేనైతే దాన్ని కుక్క అరుపు అనేవాణ్ణి. పక్కింటి కుక్క ఏళ్ల తరబడి ఆగకుండా అరుస్తోందనుకోండి, ఎవరో వచ్చి పది నిమిషాలు దాన్ని నోరు మూయించారు. నాకు మొదటిసారి హెరాయిన్ అలా పనిచేసింది. కిక్ కోసం వాడతారని జనం అంటారు. నాకు దొరికింది కిక్ కాదు, నిశ్శబ్దం.

పదిహేడేళ్ల నుంచి నాకు డిప్రెషన్, ఆ పైన చిన్నప్పటి కొన్ని సంగతుల వల్ల పీటీఎస్‌డీ, అంటే ఆ భయం ఇంకా వదలని జబ్బు. మూడుసార్లు సెంటర్లకి వెళ్లాను. మూడుసార్లూ శుభ్రంగా బయటికొచ్చాను. రెండుసార్లు వచ్చిన పది రోజుల్లోపే ఊపిరాగి ఆస్పత్రిలో లేచాను. ఇంట్లోవాళ్లు "మళ్లీ మోసం చేశాడు" అనుకున్నారు. జరిగిందేమిటంటే, సెంటర్లో కుక్క నోరు మూయించే మందు తీసేశారు, కుక్కని అలాగే వదిలేశారు.

ఇప్పుడు ఆరేళ్లుగా, ఈ అలవాటుకి చికిత్సగా ఇచ్చే బ్యూప్రినార్ఫిన్ అనే మందు మీద ఉన్నాను. దాంతోపాటు డిప్రెషన్ మందు, రెండు వారాలకోసారి కౌన్సెలింగ్. మూడూ ఒకే క్లినిక్‌లో, ఒకే ఫైల్‌లో. నాకు సాయం చేసింది ఆ ఒకే ఫైల్ అనుకుంటాను. నిద్ర పట్టడం లేదని చెబితే "అది మా డిపార్ట్‌మెంట్ కాదు" అనేవాళ్లు అక్కడ లేరు.

పాతడైరీ | మంగళవారం, మధ్యాహ్నం 2:02

బాబూ, నీ బాధ అర్థమైంది, తప్పుగా అనుకోకు. కానీ బ్యూప్రినార్ఫిన్ కూడా ఓపియాయిడే కదా? ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నట్టు కాదా? ఆరేళ్లు వాడినవాడు మానేసినట్టా, మాననట్టా?

ఏడోమెట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

తప్పుగా అనుకోలేదు బాబాయ్, మా నాన్న కూడా ఇదే అడుగుతాడు. ఉదయం లేచి నాలుక కింద మందు పెట్టుకుని ఉద్యోగానికి వెళ్తాను. మత్తు రాదు. ఎవరి జేబులోంచీ డబ్బు తియ్యను. సాయంత్రం ఇంటికొచ్చి మా పాప హోంవర్క్ చూస్తాను. దీన్ని మానడం అంటారో మానకపోవడం అంటారో మీరే చెప్పండి, నాకు ఏ పేరైనా ఫర్వాలేదు.

పాతకుర్చీ | మంగళవారం, రాత్రి 9:50

నేను సైకియాట్రిస్టుని, వ్యసనాల విభాగంలోనే ఎక్కువ పనిచేశాను. ఇక్కడ ఎవరికీ వైద్యం చెయ్యడం లేదు, సంగతులు మాత్రం చెబుతాను. కాస్త పెద్దదవుతుంది.

ముందు పాతడైరీ గారి ప్రశ్న. బ్యూప్రినార్ఫిన్ మెదడులో ఓపియాయిడ్లు అంటుకునే చోట్ల, అంటే గ్రాహకాల మీద కూర్చుంటుంది గానీ వాటిని సగమే పనిచేయిస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరిని అణిచే గుణం అంతగా పెరగదు. పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, పైన హెరాయిన్ తీసుకున్నా దానికి చోటు దొరకదు. అయితే నిద్రమాత్రలు గానీ మద్యం గానీ కలిస్తే ఈ రక్షణ చాలదు, అది గుర్తుపెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు డాక్టర్లు కూడా దీన్ని రాయడం మొదలుపెట్టారు. 1999కల్లా అక్కడ ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి. ఇదే చికిత్సకి వాడే ఇంకో మందు మెథడోన్ లెక్క కూడా చూడండి. చాలా అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో, అది తీసుకుంటున్న వెయ్యిమందిలో ఏడాదికి సుమారు 11 మంది చనిపోతే, మానేసినవాళ్లలో 36 మంది. ఈ రెండు మందులూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఒక మాట మాత్రం దాచను. మెథడోన్ మొదలుపెట్టిన తొలి నాలుగు వారాలు, ఆపేసిన తర్వాతి నాలుగు వారాలు, రెండూ ప్రమాదమే. అందుకే మోతాదు మెల్లగా పెంచుతాం, ఆపేముందు పదిసార్లు ఆలోచిస్తాం.

ఇక అసలు విషయం. "ముందు అది మాను, తర్వాత ఇది చూద్దాం" అనే మాట మా వృత్తిలో ఇంకా వినిపిస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంటుంది. దాని వెనక ఒక సాకు ఉంది. విత్‌డ్రాయల్‌లో, అంటే అలవాటైన మందు ఆగినప్పుడు, ఆందోళన, నిద్రలేమి, చిరాకు, ఏడుపు అన్నీ వస్తాయి. అవి మందు ఆగినందుకు వచ్చాయా, బైపోలార్ వల్ల వచ్చాయా అన్నది మొదటి కొన్ని వారాల్లో నిజంగానే చెప్పడం కష్టం. కానీ జబ్బు ఉందో లేదో తెలియని కొత్త మనిషికి ఆ అనుమానం సరిపోతుంది. మీ తమ్ముడికి మత్తు అలవాటు కాకముందే, ఇరవై ఒకటో ఏట రోగ నిర్ధారణ అయింది. అక్కడ అనుమానానికి చోటేముంది?

మత్తు మందుని మనిషి తన బాధకి తానే వైద్యంగా వాడుకుంటాడన్న వాదనని ఎడ్వర్డ్ ఖాంట్‌జియన్ అనే మనోవైద్యుడు 1985లో గట్టిగా ముందుకు తెచ్చారు. కోపాన్ని, లోపలి అల్లకల్లోలాన్ని తట్టుకోలేనివాళ్లు ఓపియాయిడ్ల వైపు వెళ్తారని ఆయన గమనించారు. రేడియో, కుక్క, ఇవన్నీ నేను వార్డులో రకరకాల పేర్లతో విన్నవే. అయితే ఇది సగం కథే. కొన్ని నెలలు వాడాక ఆ మందే మెదడులో ఒత్తిడి వ్యవస్థని రెచ్చగొడుతుంది. మోతాదు దిగిన ప్రతిసారీ మునుపటికంటే ఎక్కువ దిగులు. అప్పటికి రేడియోని ఆపుతున్నదీ అదే, సౌండు పెంచుతున్నదీ అదే.

బైపోలార్‌లో ఇది ఇంకో రకంగా ముదురుతుంది. మేనియాలో, అంటే హుషారు హద్దు దాటినప్పుడు, ఎంత తీసుకున్నాడో లెక్క ఉండదు. డిప్రెషన్‌లో ఏమవుతుందన్న లెక్క ఉండదు. లిథియంని హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ, ఆత్మహత్య ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. టాలరెన్స్ పోయి, మూడ్ మందు కూడా లేకుండా ఇంటికొస్తున్నాడు. మీ భయం సరైనదే. శుక్రవారం దాకా ఆగకుండా రేపే డాక్టర్‌తో మాట్లాడండి. లిథియం మళ్లీ మొదలుపెట్టే ముందు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేస్తారు. బ్యూప్రినార్ఫిన్ గానీ, ఓపియాయిడ్‌ని పనిచెయ్యనివ్వని నాల్ట్రెక్సోన్ గానీ పెట్టాలా అన్నది అప్పుడే అడగండి. నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టాలంటే కనీసం 7 నుంచి 10 రోజులు ఓపియాయిడ్ లేకుండా ఉండాలి, ఆ గడువు మీవాడు ఎప్పుడో దాటాడు. కానీ దాన్ని ఆపేసిన రోజున టాలరెన్స్ ఏమీ ఉండదు, మళ్లీ అదే గుంట. డాక్టర్‌తో ఈ మాట కూడా అనండి.

మందులచీటీ | మంగళవారం, రాత్రి 10:34

ఫార్మసిస్టుని. డాక్టర్ గారు చెప్పనివి కొన్ని నా వంతు.

మానసిక సమస్య ఉన్నవాళ్లు ఇంట్లో ఒంటరి మాత్రతో ఉండరు, ఒక సంచెడు మందులు ఉంటాయి. ప్రమాదం చాలాసార్లు ఆ సంచిలోనే ఉంటుంది. ఆందోళనకీ నిద్రకీ ఇచ్చే బెంజోడయజిపైన్లు, అంటే ఆల్ప్రజోలం, డయజిపామ్, క్లోనజిపామ్ లాంటివి ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరిని రెండు వైపులా నొక్కుతాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు రకాల మందుల లేబుళ్ల మీదా తన అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది. 2019లో గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మీద కూడా ఊపిరి గురించి హెచ్చరించింది. నరాల నొప్పికి, ఆందోళనకి ఇవి ఎంత మామూలుగా రాస్తారో తెలిసిందే.

ట్రామడాల్‌ని తేలికైనదని అనుకుంటారు. డిప్రెషన్‌కిచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులతో కలిస్తే ఫిట్స్ రావచ్చు, సెరటోనిన్ అనే మెదడు రసాయనం మితిమీరే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. పైగా ఫ్లూఆక్సిటిన్, పారాక్సిటిన్ లాంటివి ట్రామడాల్ ఒంట్లో అసలు మందుగా మారడాన్నే అడ్డుకుంటాయి. అప్పుడు నొప్పి తగ్గదు. తగ్గలేదని ఇంకోటి వేసుకుంటారు. మీ తమ్ముడి కథ ఇలా మొదలైందని అనడం లేదు, ఇలా మొదలైనవి చూశాను.

మూడ్ మందుల్లో కార్బమజెపైన్ ఉంటే అది మెథడోన్‌నీ బ్యూప్రినార్ఫిన్‌నీ ఒంట్లోంచి తొందరగా తరిమేస్తుంది. మందు వేసుకుంటున్నా మధ్యాహ్నానికల్లా ఒళ్లునొప్పులు, చెమటలు. "నాటకాలాడుతున్నాడు" అంటారు ఇంట్లోవాళ్లు. స్కిజోఫ్రెనియాకి క్లోజపైన్ వాడేవాళ్లలో ఓపియాయిడ్ కలిస్తే మలబద్ధకం పేగు ఆగిపోయేంత దూరం వెళ్లొచ్చు. దీని గురించి ఎవరూ అడగరు, మాట్లాడటానికి సిగ్గు.

కొత్తపలక | బుధవారం, ఉదయం 7:10

అసలు మానసిక సమస్య ఉన్నవాళ్లకి ఇలాంటి నొప్పి మందులు రాయడమే ఆపెయ్యొచ్చు కదా?

పాతకుర్చీ | బుధవారం, ఉదయం 7:55

జరుగుతున్నది దానికి పూర్తిగా తలకిందులు. అమెరికా లెక్కలతో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, మానసిక సమస్యలున్న పెద్దలు జనాభాలో 16 శాతమే అయినా, ఏడాదికి రాసే ఓపియాయిడ్ చీటీల్లో సగానికి పైగా వాళ్లకే వెళ్తున్నాయని తేలింది. కారణాలున్నాయి. డిప్రెషన్‌లో నొప్పి నిజంగానే ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి ఎక్కువైతే డిప్రెషన్ ముదురుతుంది. అలాంటి మనిషి డాక్టర్ ఎదుట కూర్చుని బాధపడుతుంటే, అయిదు నిమిషాల్లో చెయ్యగలిగిన పని చీటీ రాయడం.

అలాగని మీరన్నట్టు పూర్తిగా ఆపేస్తే, ఎముక విరిగినవాడికీ క్యాన్సర్ ఉన్నవాడికీ "నీకు పిచ్చి ఉంది కాబట్టి నొప్పి భరించు" అన్నట్టవుతుంది. రాసేటప్పుడు ఎన్ని రోజులకో ముందే చెప్పాలి, ఎవరి చేతిలో ఉంచాలో అడగాలి, వారంలో మళ్లీ చూడాలి. చెప్పడానికి తేలికే.

రాత్రిడ్యూటీ | బుధవారం, ఉదయం 9:20

నాలాక్సోన్ గురించి. వేసవివాన అడిగారు కాబట్టి చెబుతున్నాను, మిగతావాళ్లు కూడా చదవండి.

ఓపియాయిడ్‌ని గ్రాహకాల మీంచి నెట్టేసి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెప్పించే మందు అది. ముక్కులో కొట్టే స్ప్రే ఉంది, ఇంజెక్షన్ ఉంది. 1961లో కనిపెట్టారు. దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరు జాక్ ఫిష్‌మన్. ఆయన సవతి కొడుకే 2003లో హెరాయిన్ ఓవర్‌డోస్‌తో చనిపోయాడు. మందు కనిపెట్టిన ఇంట్లోనే అందలేదు. ఇది నేను ట్రైనింగ్ ఇచ్చే ప్రతిచోటా చెబుతాను, ఎందుకంటే "మా ఇంట్లో అవసరం రాదు" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అమెరికాలో 2023 నుంచి స్ప్రే చీటీ లేకుండా అమ్ముతున్నారు. చీటీ కావలసిన చోట డాక్టర్‌ని నేరుగా పేరు చెప్పి అడగండి.

గుర్తులు ఇవి. పిలిచినా పలకడు. ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలడు. ఊపిరి బాగా నెమ్మదిగా, ఆగి ఆగి. పెదాలూ గోళ్లూ నీలం తిరుగుతాయి. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. అన్నిటికంటే మోసం చేసేది గురక. లోతుగా, గరగరమంటూ వచ్చే గురక. హాయిగా పడుకున్నాడని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయినవాళ్లని ఎంతమందిని చూశానో.

అంబులెన్స్‌కి ఫోన్. నాలాక్సోన్ ఒక డోసు. ఊపిరి లేకపోతే నోటితో గాలి ఊదాలి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో డోసు. ఊపిరి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చన్నీళ్లు గుమ్మరించడం, లేపి నడిపించడం, నోట్లో ఏదో పోయడం వద్దు. లేచాక చిరాకుగా, కోపంగా ఉంటాడు, విత్‌డ్రాయల్ ఒక్కసారిగా కొడుతుంది. "బాగానే ఉన్నాను, వదలండి" అంటాడు. వదలకండి. నాలాక్సోన్ 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, లోపలి మందు ఇంకా ఉంటే మళ్లీ మునుగుతాడు. ఒంట్లో ఓపియాయిడ్ లేకపోతే ఈ మందు ఏ హానీ చెయ్యదు కాబట్టి అనుమానం ఉన్నా ఇచ్చెయ్యండి. నిద్రమాత్రల మీద మాత్రం పనిచెయ్యదు.

ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి స్కిజోఫ్రెనియా ఉన్న కుర్రాణ్ణి తెచ్చారు. మత్తుగా ఉన్నాడు. ఫైల్‌లో సైకియాట్రీ మందుల పేర్లు చూసి "డోసు ఎక్కువై నిద్రపోతున్నాడు" అనుకుని మూల మంచం మీద పెట్టాం. ఇరవై నిమిషాల తర్వాత వాళ్ల చెల్లెలు అరిస్తే కళ్లు తెరిచి చూశాం, కంటిపాపలు చుక్కల్లా ఉన్నాయి. బతికాడు. కానీ అతని ఫైల్ మీద ఆ జబ్బు పేరు లేకపోయుంటే అంతసేపు పట్టేది కాదని నాకు తెలుసు. ఎమర్జెన్సీకి వెళ్తే ఓపియాయిడ్ అనుమానం ఉందని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి.

గాలిపటం77 | బుధవారం, ఉదయం 11:02

[ఈ సందేశంలోని కొంత భాగాన్ని నిర్వాహకులు తొలగించారు] ...అంటే 45 రోజుల తర్వాత అంత తీసుకుంటే ఏం కాదు కదా?

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 11:09

ఎంత తీసుకుంటే ఏమవుతుందన్న అంకెలు ఈ వేదికలో రాయకూడదు. గాలిపటం77, మీకు వ్యక్తిగత సందేశం పంపాం, దయచేసి చూడండి. కోప్పడటానికి కాదు.

ఏడోమెట్టు | బుధవారం, ఉదయం 11:30

గాలిపటం, నీకు నేనూ మెసేజ్ పెట్టాను. రాత్రి ఎంత ఆలస్యమైనా రాయి. ఒక్కడివే ఉన్నప్పుడు ఏమీ ముట్టుకోకు, ఎవరైనా పక్కన ఉండేలా చూసుకో. సిగ్గు తర్వాత పడొచ్చు.

ఖాళీగది | బుధవారం, రాత్రి 12:47

నేను ఇక్కడ ఎక్కువ రాయను. మా అబ్బాయి పోయి మూడేళ్లయింది. డిప్రెషన్ ఉండేది. సెంటర్ నుంచి వచ్చిన పదకొండో రోజు.

రిపోర్టులో ప్రమాదవశాత్తూ అని రాశారు. చుట్టాలు కావాలనే చేసుకున్నాడు అంటారు. నాకు తెలియదు. ముందు రోజు కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. అదే రోజు వాడి పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చి దాచమన్నాడు. చెప్పులు చూస్తే ఒకటి అనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ చూస్తే ఇంకోటి.

డాక్టర్ గారూ, ఇది తేలే మార్గం ఏమైనా ఉందా?

పాతకుర్చీ | గురువారం, ఉదయం 5:58

అమ్మా, లేదు. తేలుతుందని చెబితే అది అబద్ధం.

బతికి బయటపడ్డవాళ్లని నేను అడిగాను, చాలామందిని. "చచ్చిపోదామనుకున్నావా?" అంటే చాలామంది అవుననరు, కాదనరు. "లేస్తే లేస్తాను, లేకపోతే లేదు, ఆ పూట అంతే అనిపించింది" అంటారు. కొత్త చెప్పులు కొనుక్కున్న మనిషీ, పెన్‌డ్రైవ్ దాచమన్న మనిషీ ఒకే రోజు ఒకే ఒంట్లో ఉండొచ్చు. రిపోర్టులో గడి ఒక్కటే ఉంటుంది కాబట్టి ఒక్కటే రాస్తారు.

ఇక్కడున్న మిగతావాళ్లకి: అందుకే ఓవర్‌డోస్ నుంచి లేచిన మనిషిని "ఇంక ముట్టకు" అని పంపించెయ్యకూడదు. చావాలనిపించిందా అని నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడతారు. అలా జరగదు.

రాత్రిడ్యూటీ | గురువారం, ఉదయం 6:40

ఖాళీగది అమ్మా, చదివాను. ఇక్కడే ఉన్నాను.

పాతడైరీ | గురువారం, ఉదయం 7:15

నేను మొదట రాసింది మళ్లీ చదువుకున్నాను. మా బంధువు ఇరవై ఏళ్లు బాగున్నాడని రాశాను. ఆయనకి ఒక తమ్ముడు ఉండేవాడు, అతనూ మానేశాడు, తర్వాత పోయాడు. గుండెపోటు అన్నారు. వయసు 31. ఆ సంగతి రాయలేదు, అప్పుడు గుర్తుకే రాలేదు.

వేసవివాన | శుక్రవారం, రాత్రి 10:20

వచ్చాడు. సన్నబడ్డాడు. నిన్ననే డాక్టర్‌ని కలిశాను, ఈసారి వేరేవాళ్లు, రెండూ చూస్తారు. రక్తపరీక్షలు రేపు. నాలాక్సోన్ స్ప్రే రెండు తీసుకున్నాను, ఒకటి హాల్లో, ఒకటి నా దిండు పక్కన. అమ్మకి ఎలా వాడాలో చూపిస్తుంటే "ఇంట్లో ఇదేమిటి అపశకునం" అని ఏడ్చింది. నాన్న మాత్రం ఏమీ అనకుండా కళ్లజోడు పెట్టుకుని డబ్బా మీద ఉన్నదంతా చదివారు.

తమ్ముడితో దాపరికం లేకుండా చెప్పేశాను. మళ్లీ తీసుకోవద్దు అని కాదు, ఒకవేళ తీసుకోవాలనిపిస్తే ఒంటరిగా ఉండకు, బాత్రూమ్ గడియ వెయ్యకు, పాత కొలత ఇప్పుడు నిన్ను చంపుతుంది అని. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "సెంటర్లో ఈ మాట ఒక్కరూ చెప్పలేదక్కా" అన్నాడు.

వేసవివాన | మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:30

కొంతమంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

లిథియం మళ్లీ మొదలైంది. బ్యూప్రినార్ఫిన్ తక్కువ మోతాదుతో పెట్టారు. మొదటి వారం ఘోరం. నిద్ర లేదు, ఎవరు మాట్లాడినా అరుపులు. తొమ్మిదో రోజు రాత్రి వెళ్లి కొన్నాడు. వాడలేదు, తెచ్చి నా చేతిలో పెట్టి "పారెయ్, నేను చూస్తుండగా పారెయ్" అన్నాడు. ఫ్లష్ చేశాం. నా చేతులు వణికాయి, వాడివీ వణికాయి. మళ్లీ కొనడని చెప్పలేను.

గడియ ఇప్పటికీ వెయ్యడం లేదు. నేనే బాగుపడాలి. రాత్రి వాడి గది బయట కూర్చుని గురక వింటున్నాను. మొన్న లోపల్నించి అరిచాడు: "అక్కా, ఇది మామూలు గురకే, వెళ్లి పడుకో" అని.

ఒక సందేహం. తుంటి నొప్పి మళ్లీ మొదలైంది. ఇంట్లో ఇబుప్రోఫెన్ ఉంది, అది ఓపియాయిడ్ కాదు కదా, ఇవ్వొచ్చా?

మందులచీటీ | ఆదివారం, మధ్యాహ్నం 3:41

వద్దు, ఆగండి. ఓపియాయిడ్ కాదు నిజమే, కానీ ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలు లిథియంని బయటికి పంపడాన్ని తగ్గిస్తాయి. రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతుల వణుకు పెరగడం, వాంతులు, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పారాసెటమాల్‌తో ఆ గొడవ లేదు, డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా ఇవ్వండి. రేపు డాక్టర్‌కి ఫోన్ చేసి నొప్పి సంగతి చెప్పండి, ఫిజియోథెరపీ గురించి అడగండి. నొప్పిని ఓర్చుకోమని మాత్రం వాడికి చెప్పకండి.

లిథియం లెవెల్ చివరిసారి ఎప్పుడు చూశారు?

వేసవివాన | ఆదివారం, మధ్యాహ్నం 3:52

పన్నెండు రోజులైంది. ఇబుప్రోఫెన్ డబ్బా నా బ్యాగులో వేసుకున్నాను. రేపు పొద్దున్నే వెళ్తాం, వాడు కూడా వస్తానన్నాడు.